బ్యాంకుకు గంట ఉంది, వాడకు గంట ఏది?

(గన్‌ఫౌండ్రీలో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూసున్న ఈ జాగ పేరు గన్‌ఫౌండ్రీ. ఫిరంగులు పోత పోసే కొలిమి అన్నమాట. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోయించాడు. తోప్ కా సాంచా అని పాత మనుషులు అంటరు. శత్రువు కోటగుమ్మం కాడికి వచ్చినంక కొలిమి రాజేస్తే లాభం లేదని ఆనాటి రాజులకు తెలుసు. అపాయం దూరంగా ఉన్నప్పుడే కనిపెట్టాలె, అప్పుడే తయారు కావాలె. పాలించే వాళ్లకు ఈ తెలివి ఎప్పుడూ ఉంది. తమ కోటకు, తమ ఖజానాకు, తమ బ్యాంకుకు ముప్పు వస్తుంటే ముందే పసిగడతారు. మరి ఊరి చివరి పల్లెకు ముప్పు వస్తుంటే ఎవరు పసిగట్టాలి? మేము ఇవాళ మాట్లాడదలచుకున్నది ఆ ఒక్క సంగతే.

అది చెప్పడానికి రెండు భవనాలు చూపెడతాం. రెండూ ఇక్కడికి నడిచిపోయే దూరంలోనే ఉన్నాయి.

ఒకటి బ్యాంకు. 1941లో నిజాం సర్కారు చట్టం చేసి పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, 1942 ఏప్రిల్ 5న తన మొదటి శాఖను ఈ గన్‌ఫౌండ్రీలోనే తెరిచింది. 1956లో దాన్ని రిజర్వు బ్యాంకు తన కిందికి తీసుకున్నది, పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. మన ఊళ్లల్లో ముసలోళ్లు ఇప్పటికీ ఎస్‌బీహెచ్ అనే అంటరు.

రెండోది ఆబిడ్స్‌లో నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద ఉన్న గోల్డెన్ థ్రెషోల్డ్. సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న ఇల్లు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. తర్వాత గచ్చిబౌలికి తరలిపోయి, దేశంలో పేరున్న చదువుల చోటు అయింది. మన పల్లెల పిల్లలు పరీక్షలు రాసి, సీట్లు సంపాదించి అక్కడికి చేరుకున్నారు.

బ్యాంకు ఆపదలో పడుతుంటే కనిపెట్టే విద్య ఈ దేశంలో ఉంది. చాలా ముదిరిన విద్య అది. విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థి ఆపదలో పడుతుంటే కనిపెట్టే విద్య మాత్రం లేదు. ఎందుకు లేదు? నేర్చుకోలేనంత కష్టమైనదా? కాదు. ఎవరి ప్రాణం, ఎవరి సొమ్ము లెక్కలోకి వస్తాయన్న దగ్గరే తేడా ఉంది.

బ్యాంకు లెక్క ఎట్లుంటది

బ్యాంకు కాడ అప్పు తీసుకున్నవాడు కిస్తు కట్టకుండా 90 రోజులు దాటితే ఆ అప్పును మొండి బాకీ కింద రాస్తారు. మన రైతు పుస్తకం మీదా రాస్తారు, కంపెనీ పుస్తకం మీదా రాస్తారు, పంట అప్పులకు లెక్క కొంచెం వేరు. అయితే 90 రోజులు ఆగితే చెయ్యి దాటిపోతదని బ్యాంకులకు అర్థమైంది. అందుకని 2014లో రిజర్వు బ్యాంకు ఇంకో ఏర్పాటు తెచ్చింది. కిస్తు తప్పిన 30 రోజుల్లోపు ఒక మెట్టు. 31 నుంచి 60 రోజులకు రెండో మెట్టు. 61 నుంచి 90కి మూడో మెట్టు. మొదటి మెట్టులోనే, ఇంకా బాకీ ముదరకముందే, కష్టం మొదలైన గుర్తులేమైనా ఉన్నాయా అని చూడాలని చెప్పింది. 5 కోట్లు, ఆపైన అప్పున్న వాళ్ల సంగతులన్నీ రిజర్వు బ్యాంకు దగ్గర ఉండే ఒక పెద్ద పుస్తకంలోకి చేరాలని చెప్పింది. ఒక బ్యాంకులో కిస్తు తప్పితే మిగతా బ్యాంకులకు కూడా తెలవాలని దాని ఉద్దేశం.

అప్పు తీసుకున్నోడి మీద నిఘా సరే, బ్యాంకే మునిగిపోతుంటే? దానికీ గంట ఉంది. 2002 డిసెంబరులో సత్వర దిద్దుబాటు చర్య అని ఒక పద్ధతి పెట్టారు. బ్యాంకు మూలధనం ఎంత తగ్గింది, మొండి బాకీలు ఎంత పెరిగాయి, లాభం ఎంత పడిపోయింది అని కొలతలు పెట్టారు. ఫలానా గీత దాటితే ఫలానా చర్య. ఎవరి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడే పని కాదు. గీత దాటిందా, గంట మోగాలి. అంతే.

సికింద్రాబాద్ కేంద్రంగా 1994లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు సంగతి మీలో కొందరికి యాదికుంటది. 2004 జులై 24, శనివారం నాడు దాని మీద మారటోరియం విధించారు. ఖాతాదారు 10,000 రూపాయలకు మించి తీసుకోకూడదన్నారు. సోమవారం నాటికి దాన్ని ఏ బ్యాంకులో కలపాలో ప్రకటన వచ్చేసింది. ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. 21 రోజుల్లో పని అయిపోయింది. డిపాజిట్‌దార్ల సొమ్ము దక్కింది. అదే హైదరాబాద్‌లో అంతకు రెండు మూడేళ్ల ముందు కృషి, చార్మినార్ వంటి సహకార బ్యాంకులు మునిగినప్పుడు, చిన్న చిన్న మొత్తాలు దాచుకున్నవాళ్లు ఏళ్ల తరబడి రసీదులు పట్టుకుని తిరిగారు. బ్యాంకుల్లో కూడా పెద్ద బ్యాంకు, చిన్న బ్యాంకు ఉన్నాయన్నమాట.

మేము బ్యాంకుల్ని పొగడడానికి ఇదంతా చెప్పడం లేదు. వాళ్ల గంట మోగినా వేల కోట్లు ఎగ్గొట్టినోళ్లు విమానమెక్కి పోయారు. అది వేరే కథ. ఇక్కడ మనం పట్టుకోవాల్సింది వాళ్ల పద్ధతిని. ఆపద అనేది ఒక్కరోజు పిడుగులా పడదు. మెట్లు మెట్లుగా వస్తది. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు ఉంటది. గుర్తును తారీకు వేసి రాసుకుంటే ఆపదను మధ్యలో ఆపొచ్చు. ఇదే ఆ విద్య. ఇంతకు మించి అందులో మంత్రం ఏమీ లేదు.

రోహిత్ కాడ మోగని గంట

ఇప్పుడు రెండో భవనం సంగతి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2008 ఫిబ్రవరిలో సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడు నుంచి భౌతికశాస్త్రంలో పరిశోధనకు వచ్చిన దళిత విద్యార్థి. పరిశోధన చేయించే గైడు ఆయనకు లేడు. ఫెలోషిప్పు ఆగిపోయింది. 2013లో మాదారి వెంకటేశ్ పోయాడు. గైడు విషయంలోనే ఆయనా అవస్థ పడ్డాడు. పరిశోధకుడికి గైడు లేకపోవడమంటే పాలేరుకు పని లేకపోవడం లాంటిది. నెలల తరబడి అతని పేరు ఎదుట ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడి ఆఫీసులో అందరికీ కనబడుతుంది. బ్యాంకులో అయితే ఖాళీ గడి 30 రోజులకే ఎర్రగా మారేది.

ఆ తర్వాత రోహిత్ వేముల. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో పనిచేసిన పరిశోధక విద్యార్థి. 2015లో రోహిత్‌తో సహా అయిదుగురు విద్యార్థులను శిక్షించారు. డిసెంబరులో హాస్టలు నుంచి పంపేశారు. పరిపాలనా భవనంలోకి, ఉమ్మడి చోట్లలోకి గుంపుగా రావొద్దన్నారు. విద్యార్థి ఎన్నికల్లో పాల్గొనొద్దన్నారు. వాళ్లు బయట టెంటు వేసుకుని చలిలో పడుకున్నారు. ఆ టెంటుకు వాళ్లు పెట్టుకున్న పేరు వెలివాడ. అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? అక్షరం ముక్క రాని మన అవ్వకు కూడా ఆ పేరు వింటే సంగతి అర్థమైతది. అంత పెద్ద చదువుల చోటుకు అర్థం కాలేదు.

2015 డిసెంబరు 18న రోహిత్ వైస్ ఛాన్సలర్‌కు ఉత్తరం రాశాడు. దళిత విద్యార్థుల చావును గురించి చేదైన మాటలతో రాసిన ఉత్తరం అది. 2016 జనవరి 17న రోహిత్ లేడు. లెక్కపెట్టండి. సరిగ్గా 30 రోజులు. తనకు ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు రావాల్సి ఉందని, అది తన ఇంటివాళ్లకు అందేటట్లు చూడమని ఆయన చివరి ఉత్తరంలో రాసి పోయాడు.

ఒక మనిషి ఎందుకు పోయాడో ఒక్క కారణం చూపి తేల్చేయడం ఎవరి తరమూ కాదు. ఆ పని మేము చేయం, మీరూ చేయొద్దు. కానీ గుర్తులు కనబడ్డాయా లేదా అన్నది మాత్రం తేల్చొచ్చు. ఫెలోషిప్పు బాకీ, హాస్టలు నుంచి వెళ్లగొట్టడం, కలిసి కూసునే చోట్లకు రావొద్దనడం, చావు మాట ఉన్న ఉత్తరం, చలిలో టెంటు. ఇన్ని గుర్తులు వరుసగా ఉన్నాయి. ఆ వరుసను ఒక్క చోట రాసి చూసే పుస్తకం మాత్రం ఎక్కడా లేదు. 5 కోట్లు బాకీ పడినోడి కష్టం ఢిల్లీ, బొంబాయిల దాకా పుస్తకంలో నమోదైతది. 1,75,000 రూపాయలు రావాల్సినోడి కష్టం ఎక్కడా నమోదు కాదు. బాకీ పడినోడికి గంట ఉంది, బాకీ రావాల్సినోడికి గంట లేదు.

పోయినంక మాత్రం కమిషన్లు వచ్చాయి, నివేదికలు వచ్చాయి. రోహిత్ కులమేదో తేల్చే పని ఏళ్ల తరబడి సాగింది. 2024లో పోలీసులు కోర్టుకు ఇచ్చిన ముగింపు నివేదికలో కూడా ఆ కులం మాటే. చచ్చినోడి కులం వెతకడానికి పెట్టిన ఓపికలో పదో వంతు, బతికున్నోడి ఖాతాలో డబ్బు ఎందుకు పడలేదో వెతకడానికి పెట్టి ఉండాల్సింది. చేతులు కాలినంక ఆకులు పట్టుకోవడమని మనోళ్లు ఊరికే అనలేదు.

చుండూరు కాడ నెల రోజులు

ఒక్క మనిషికే కాదు, వాడకు వాడకే ఇట్లా ముప్పు వస్తది. 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపి, కొందరిని గోతాల్లో కట్టి కాలువల్లో పారేశారు. ఆ సంగతి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ ఆ ఆగస్టు 6కు ముందు ఏం జరిగిందో ఎప్పుడైనా వరుసగా పెట్టి చూశామా?

జులై మొదటి వారంలో సినిమా హాల్లో గొడవ. చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకులపు కుర్రాడికి తగిలిందని. ఆ తర్వాత ఊరంతా ఒక్కటై దళితులను పనుల్లోకి పిలవడం మానేసింది. పొలం పని లేదు. మాటల్లేవు. కూలి కోసం మనోళ్లు బయటికి పోవాల్సి వచ్చింది. పోలీసు పికెట్ ఊళ్లోకి వచ్చింది. అంటే ముప్పు ఉందని సర్కారుకు తెలుసు. తెలిసి కూడా దాదాపు నెల రోజులు గడిచాయి. పోలీసులు ఊళ్లో ఉండగానే హత్యలు జరిగాయి.

పికెట్ పెట్టడం వేరు, గుర్తించడం వేరు. పికెట్ కాడ కుర్చీ ఉంటది, లాఠీ ఉంటది. ఇవాళ వాడలో ఎంతమందికి పని దొరికింది, నిన్న ఎంతమందికి దొరికింది, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు అని రాసే పుస్తకం ఉండదు. ముప్పు లాఠీకి కనబడదు, పుస్తకానికి కనబడుతది.

తర్వాత చుండూరు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. అది ఉద్యమం సాధించిన విజయం. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 16 ఏళ్లు పోరాడి తెచ్చుకున్న తీర్పు ఒక్క పూటలో పోయింది. అందుకనే చెప్తున్నం. హత్య తర్వాత న్యాయం కోసం కొట్లాడాల్సిందే, అది వదలం. కానీ హత్యకు ముందు నెల రోజులు మన చేతిలో ఉన్నాయి చూడండి, ఆ నెల రోజులు ఏ హైకోర్టూ కొట్టివేయలేదు.

చట్టంలో గంట ఉంది, కొట్టే చెయ్యి లేదు

చట్టం రాసినోళ్లకు ఈ సంగతి తెలుసు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో రూల్స్ చేశారు. అందులో మూడో రూలు ఏం చెప్తదో మీ ఊరి ఎస్సైని అడగండి. అత్యాచారం జరిగే అవకాశం ఉందని అనిపించే ప్రాంతాలను ప్రభుత్వం ముందుగానే గుర్తించాలని, జరగకుండా ముందస్తు చర్యలు తీసుకోవాలని అది చెప్తది. జరిగినంక కాదు, జరగకముందే. జిల్లాలో నిఘా కమిటీ మూడు నెలలకొకసారైనా కూర్చోవాలని ఇంకో రూలు. రాష్ట్రంలో ముఖ్యమంత్రి అధ్యక్షతన ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలని మరో రూలు. కావాలని పట్టించుకోని అధికారికి శిక్ష ఉందని చట్టంలో నాలుగో సెక్షన్. 2015 సవరణలో సాంఘిక బహిష్కరణను, ఆర్థిక బహిష్కరణను కూడా నేరం కింద చేర్చారు. ఆ సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. రోహిత్ పోయిన తొమ్మిది రోజులకు.

అంటే బ్యాంకుకు ఉన్నట్టే మనకూ గంట ఉంది. కాగితం మీద ఉంది. మూడు నెలల లెక్క కూడా దాదాపు బ్యాంకు 90 రోజుల లెక్కే. తేడా ఒక్కటే. బ్యాంకు లెక్క తప్పితే రిజర్వు బ్యాంకు అడుగుతది. నిఘా కమిటీ కూర్చోకపోతే అడిగేది ఎవరు? మనమే. అమ్మైనా అడగందే పెట్టదంటరు గదా. అడగాలంటే చేతిలో తారీకులు ఉండాలె.

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగా పూజిస్తున్నాం, మంచిదే. ఆయన లెక్కల మనిషి కూడా. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చు వేశాడు. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూర్చుని దేశం నాణెం ఎట్లుండాలో సాక్ష్యం చెప్పాడు. ఆ లెక్కల కన్నుతోనే 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడాడు. ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం ఈ రెండూ ఒకే గూట్లో ఉండలేవని, ఆ వైరుధ్యాన్ని త్వరగా తీసేయకపోతే ఈ కట్టడమంతా కూలే ప్రమాదం ఉందని హెచ్చరించాడు. అప్పటికి గణతంత్రం ఇంకా పుట్టలేదు. రెండు నెలలుంది. పుట్టకముందే దాని జబ్బు పట్టుకున్న వైద్యుడు ఆయన. మనం ఆ వైద్యుడి బిడ్డలం. నాడి పట్టడం మనకు రాదనుకుంటే ఎట్లా?

గుర్తులు ఏవి

ఇక పని మాట. కార్యకర్త అయినవాడు, వాడలో పెద్దమనిషి అయినవాడు ఏం చూడాలి?

ముందు ఇల్లు. 2010లో మైక్రో ఫైనాన్సు కంపెనీల బాధ మన అక్కలు ఎట్లా పడ్డారో యాది చేసుకోండి. వారం వారం కిస్తు. ఒకామె కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడోళ్లు ఆమె గుమ్మం ముందు కూసోవాలె. ఆత్మహత్యలు వరుసగా బయటపడ్డాక ఆ ఏడాది అక్టోబరులో సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది. ఆ ముప్పుకు మొదటి గుర్తు ఏమిటి? ఒక కంపెనీ కిస్తు కట్టడానికి ఇంకో కంపెనీ కాడ అప్పు తేవడం. బ్యాంకు పెద్దలు కూడా మునిగే కంపెనీని ఇట్లనే కనిపెడతారు, పాత అప్పు తీర్చడానికే కొత్త అప్పు తెస్తున్నాడా అని చూస్తారు. కంపెనీకి పనికొచ్చే గుర్తు మన అక్కకు పనికిరాదా? చెవి కమ్మలు తాకట్టుకు పోవడం, పాడి గేదెను అమ్మడం, కిస్తు రోజు ఇంటికి బయట తాళం వేసి లోపల కూసోవడం, బడికి పోయే పిల్లను పత్తి చేనుకు పంపడం. ఇవన్నీ మెట్లు.

తర్వాత మనిషి. నలుగురితో తినేవాడు ఒక్కడే తినడం, అసలు తినకపోవడం. నిద్ర లేకుండా తిరగడం. ఎప్పుడూ లేంది తాగుడు ఎక్కువ చేయడం. తన వస్తువులు ఊరికే పంచిపెట్టడం. నేను లేకపోతే మీకు పీడ పోతదని నవ్వుతూ అనడం. నవ్వుతూ అన్నాడని వదిలేయకండి. మనోళ్లు పరువుకు చచ్చి కష్టాన్ని గుట్టుగా ఉంచుతారు. నివురుగప్పిన నిప్పు అది.

తర్వాత వాడ. పనికి పిలుపులు ఆగిపోవడం. కిరాణా కొట్టువాడు అప్పు ఆపడం కాదు, డబ్బులిచ్చినా సామాను ఇవ్వకపోవడం. మంగలి రాకపోవడం. నీళ్ల కాడ, బాట కాడ కొత్త మాటలు. ఎప్పుడూ మాట్లాడే రైతు తల తిప్పుకుని పోవడం. ఊళ్లోకి బయటి కుర్రాళ్లు రాత్రిపూట బండ్లమీద వచ్చిపోవడం. ఇందులో ఒక్కటి కనబడితే అనుమానం. రెండు కనబడితే రాయాల్సిందే. మూడు కనబడితే ఇంకో రోజు ఆగొద్దు.

తర్వాత సంస్థ. మన పిల్లలుండే హాస్టలు కూడా మునుగుతది. పప్పు పలచబడడం, రిజిస్టర్లో తలలకూ పంక్తిలో పళ్లేలకూ లెక్క కుదరకపోవడం, వార్డెన్ వారాల తరబడి కనబడకపోవడం, పండుగ లేకుండానే పిల్లలు ఇంటికి రావడం, స్కాలర్‌షిప్పు పడలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపడం.

ఆఖరికి మన సంఘం. సంఘం కూడా సంస్థే. సభలో జమాఖర్చు చదవడం ఎప్పుడు ఆగిపోయిందో అప్పుడే జబ్బు మొదలు. ఆడోళ్లు సమావేశానికి రావడం మానేస్తే రెండో మెట్టు. ఎవరైనా చనిపోతే తప్ప సమావేశం జరగకపోతే మూడో మెట్టు. శవం కాడికి దండతో వచ్చే సంఘం సంతాప సంఘం అయితది. బతికున్నోడి గుమ్మం తొక్కే సంఘమే మనకు కావాలె.

వాడ పుస్తకం

మేము అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతి వాడకు ఒక వంద పేజీల నోటు పుస్తకం. చదువుకున్న ఒక చెల్లె, ఒక తమ్ముడు రాసేవాళ్లు. వాడలో నమ్మకమున్న ఒక పెద్దామె చెప్పేది. అయిదు గడులు చాలు. ఏం రావాలి లేక ఏం జరిగింది, ఏ తారీకు నుంచి, ఎవరికి చెప్పాం, ఏం జవాబు వచ్చింది, మళ్లీ ఎప్పుడు చూడాలి. ఫెలోషిప్పు, పింఛను, హాస్టలు బిల్లు, కూలి డబ్బు అన్నీ ఇందులోకే. 2005 ఉపాధి హామీ చట్టం కూలి 15 రోజుల్లో ఇవ్వాలని రాసింది. 15 రోజులు అన్న మాట వాళ్లే రాశారు గదా, ఆ మాటనే మనం కొలబద్ద చేసుకుందాం.

15 రోజులు దాటితే ఇద్దరు పోయి నోటితో అడగాలె. 30 రోజులు దాటితే కాగితం రాసి ఇవ్వాలె, నకలు మీద ముద్ర వేయించుకోవాలె. ముద్ర లేని అర్జీ గాలికి పోయిన మాట. 60 రోజులు దాటితే పదిమంది కలిసి పై అధికారి కాడికి పోవాలె, చుట్టుపక్కల వాడలకు కూడా చెప్పాలె. 90 దాకా పోనీయొద్దు. ఇది డబ్బు కష్టానికి లెక్క. బహిష్కరణ గుర్తులు కనబడితే మాత్రం రోజుల లెక్క లేదు. ఆ రోజే కలెక్టరుకు, ఎస్పీకి మూడో రూలు పేరు రాసి అర్జీ పెట్టాలె, 14566కు ఫోన్ చేయాలె. అది అత్యాచారాల చట్టం కింద ఫిర్యాదుల కోసం పెట్టిన నంబరు.

మనిషి చావు మాట అంటే ఆ రాత్రే. ఒంటరిగా వదలొద్దు. నీకు చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు, అట్లా పుట్టదని డాక్టర్లు చెప్తున్నారు. అడిగితే బరువు దిగుతది. నీతులు చెప్పొద్దు, తిట్టొద్దు. పక్కన పడుకోండి, పొద్దున్నే దవాఖానకు తోడు పోండి. టెలి మానస్ అని 14416 నంబరు ఉంది, పగలూ రాత్రీ పలుకుతది. అయితే ఒక సంగతి మరువొద్దు. ఫోన్ ధైర్యం చెప్తది, ఆగిన ఫెలోషిప్పు తెచ్చియ్యదు. మనసుకు దవాఖాన, బాకీకి అర్జీ, రెండూ ఒకేసారి నడవాలె. దళితుడి బాధను మనసు జబ్బు అని చెప్పి బాకీని దాచిపెట్టే తెలివి సర్కారుకు ఉంది. బాకీ వస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పి మనసును పట్టించుకోని మొండితనం మనోళ్లల్లో కొందరికి ఉంది. రెండూ ప్రాణం తీసేవే.

ప్రతి చిన్నదానికీ గంట కొడితే ఎవరు వింటారని కొందరు అన్నలు అంటున్నారు. బ్యాంకు 30 రోజుల కిస్తు చిన్నదని సిగ్గుపడుతున్నదా? అప్పుడు చిన్నది కాబట్టే అప్పుడు ఆపగలుగుతున్నది. ఇంకో మాట కూడా అంటున్నారు, ఉద్యమమంటే భూమి, అధికారం, ఈ నోటు పుస్తకాలు ఏంటని. భూమి కోసం, అధికారం కోసం కొట్లాడాల్సింది బతికున్న మనుషులే. ఇక్కడికి దగ్గర్లోని ఇసామియా బజారులో 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి పెట్టాడు. సర్కారు వచ్చి గుర్తిస్తదని ఆగలేదు. అక్షరం లేకపోవడమే ఆపద అని తానే గుర్తించాడు, తానే బడి తెరిచాడు. తర్వాత సర్కారు వెనకాల వచ్చింది. గుర్తించడం మన చేతిలో పెట్టుకుంటే మిగతావాళ్లు రాక తప్పదు.

కాబట్టి మూడు డిమాండ్లు, ఒక పని. ప్రతి విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్పు 30 రోజులు ఆగినా, గైడు లేకుండా 30 రోజులు గడిచినా కారణం రాసి అందరికీ కనబడేటట్లు గోడకు అంటించాలి. జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకు ఒకసారి కూర్చోవాలి, ఏం మాట్లాడారో వాడలకు తెలియజేయాలి. మూడో రూలు కింద గుర్తించిన ఊళ్ల పేర్లు, అక్కడ తీసుకున్న చర్యలు బయటపెట్టాలి. ఇవి సర్కారును అడిగేవి. మన పని వాడ పుస్తకం. ఊరికి పోయినంక ఈ ఆదివారమే మొదటి పేజీ రాయండి. వచ్చే సమావేశానికి జెండా తెచ్చినా తేకపోయినా పుస్తకం తీసుకుని రండి. ఎన్ని గడులు నిండాయో కాదు, ఎన్ని గడుల్లో జవాబు వచ్చిందో ఇక్కడ కూసుని చదువుదాం.

జైభీమ్.